మునీర్ సాబును కుశలమడగరాదు

తాండూరుకు కొత్తగా వచ్చినవారికి మేము చేసే హెచ్చరిక ఒక్కటే. మునీర్ సాబును "బాగున్నారా?" అని అడగరాదు. అడిగితే ఆయన చెబుతారు.

ఆ ప్రశ్నకు జవాబు అక్కరలేదన్న సంగతి మనకందరికీ ఉగ్గుపాలతోనే తెలుసు. ఎదుటివారు బాగున్నామంటారు, మనమూ బాగున్నామంటాము, ఇరువురమూ బాగులేకుండానే ఎవరి దారిన వారు పోతాము. మునీర్ సాబు ఒక్కరే దానిని ప్రశ్నగా స్వీకరిస్తారు. ఆయన దర్జీ. చేతిలోని కత్తెర కిందపెట్టి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "మంచిగ లేను" అని శ్రీకారం చుడతారు. చిన్ననాడు పోలియో సోకిన ఎడమకాలితో ఆరంభించి, దాని వంతు బరువు కూడా మోస్తున్న కుడి మోకాలికి వచ్చి, నడుముకెక్కి, మెడ దగ్గర కొంతసేపు విశ్రమించి, పట్టీ పట్టని నిద్రతో ముగిస్తారు. అడిగినవారి బస్సు అప్పటికి వెళ్లిపోయి ఉంటుంది.

"మా ఇంట్ల సలాముకు సలాము రాదు సారూ, మోకాలొస్తది" అంటుంది ఆయన భార్య జులేఖా బేగం.

అప్పు కావాలా అని ఫోను చేసే కంపెనీల పిల్లలు మా వీధిలో అందరినీ వేధిస్తారు, ఆయనను తప్ప. ఒకమ్మాయి పాపం, "నమస్తే సార్, ఎలా ఉన్నారు?" అని మొదలుపెట్టిందట. నడుము దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయే "ఉంటాను సార్" అని బతిమాలుకొన్నదట. ఆ తరువాత ఆ కంపెనీ ఆయన జోలికి రాలేదు.

మర్పల్లిలో ఒక పెండ్లికి వెళ్లాము. ద్వారం దగ్గర పెండ్లికొడుకు తండ్రి మర్యాదకు "ఖైరియత్?" అని కుశలమడిగాడు. వెనుక వరుస వీధి మలుపు దాకా నిలిచిపోయింది. లోపల బిర్యానీ చల్లారింది. "జర పక్కకొచ్చి చెప్పు జీ!" అని జులేఖా బేగం లాగుతుంటే, "అడిగింది గీడ, చెప్పాల్సింది గీడనే" అని ఆయన కదలలేదు.

అట్లని ఆయన నొప్పిని పెంచి చెప్పే మనిషి కాదు. ఆయన పట్టుదల ఉన్నది ఉన్నట్టు చెప్పడం మీదనే. రాతికోత మిషనులో వేలు తెగిన ఫర్హాన్ పింఛను కోసమని మోచేతి దాకా కట్టు చుట్టుకొని దుకాణానికి వచ్చాడు. మునీర్ సాబు ఆ కట్టును కత్తెరతో వేలి దాకా కత్తిరించి పారవేశారు.

"వేలు పోతె వేలు చెప్పు బేటా. చేతినెందుకు బద్నాం చేస్తవ్?"

దర్జీగా కూడా ఆయన పద్ధతి ఇదే. కొలతలిచ్చేటప్పుడు కడుపు లోపలికి పీల్చుకొని నిలబడటం మగజాతి బలహీనత. కందుల వ్యాపారి చంద్రప్ప అట్లా బిగబట్టి నిలబడితే, సాబు టేపు చేతిలో పట్టుకొని కందుల ధర గురించి, వానల గురించి, చంద్రప్ప అల్లుడి గురించి నిదానంగా అడుగుతారు. అల్లుడి పేరు వచ్చేసరికి చంద్రప్ప నిట్టూరుస్తాడు. కడుపు బయటికి వస్తుంది. టేపు పడుతుంది.

"సొంత కడుపు తోని కొట్లాడి గెలిచినోడు లేడు" అంటారు సాబు.

ఇటువంటి మనిషి దగ్గరికి ఒకనాడు సింధుజ తన తండ్రిని తీసుకొని వచ్చింది. సింధుజ మా ఊరి నాపరాళ్ల పాలిషింగు యూనిట్లో పనిచేస్తుంది. తండ్రి మల్లప్ప కర్ణాటక సరిహద్దు పల్లెలో గొర్రెలు కాచే కురుమ. గనిలోకి జారుతున్న గొర్రెను అందుకోబోయి తానూ జారి తుంటి విరగ్గొట్టుకొన్నాడు. ఎముక అతికింది గాని వంకరగా అతికింది. తాత్కాలికంగా ఇచ్చిన వైకల్య ధ్రువపత్రానికి గడువు తీరడంతో పింఛను ఆగి, వికారాబాదులో మళ్లీ పరీక్షకు రమ్మన్నారు.

మల్లప్ప వెళ్లాడు. డాక్టరు గది ముందు చెప్పులు విడిచాడు. చెప్పులతోపాటు చేతికర్రనూ విడిచాడు, పెద్దవారి ముందుకు కర్ర పట్టుకొని పోరాదని ఆయన పెంపకం. తలపాగా సవరించుకొని, పండ్లు బిగబట్టి, గోడ ఆసరాగా లోపలికి నడిచాడు. "ఎట్లున్నవు పెద్దాయనా?" అంటే "మంచిగున్న సారూ, మీ దయ" అన్నాడు. "నడుస్తవా?" అంటే "గొర్లు కాసేటోని కాలు గద, నడువకుంటె ఎట్ల?" అన్నాడు. డాక్టరు చూసినది, విన్నది రాశాడు. పింఛనుకు కావలసిన శాతం రాలేదు.

అప్పీలు పెట్టుకొంటే మరొక తేదీ దొరికింది. ఇదీ తప్పితే మందుల కోసం మిగిలిన గొర్రెలను అమ్ముకోవాలి. గొర్రెలు లేని మల్లప్పను ఊహించడం మల్లప్పకే చేతకాదు.

"చాచా, ఈసారి గూడ మంచిగున్ననే అంటడు. జర నువ్వు నేర్పు" అన్నది సింధుజ.

మునీర్ సాబు ముఖం వెలిగిపోయింది. జన్మలో తొలిసారి ఆయన విద్యకు శిష్యుడు దొరికాడు.

"మల్లప్పా, ఎట్లున్నవ్?"

"మంచిగున్న సాబూ."

"మంచిగుంటె ఎందుకొచ్చినవ్? బయటికి పో. కట్టె పట్టుకొని మల్లా రా. ఆఁ, ఎట్లున్నవ్?"

"మీ దయ సాబూ."

"నా దయ తోని తుంటి సక్కగైతదా? మల్లా బయటికి!"

నాలుగో ప్రవేశానికి మల్లప్ప గడప మీదనే కూలబడ్డాడు. "గింత మంది ముంగట నొస్తదని ఎట్ల చెప్పాలె సాబూ? నడువలేనంటె మంద కాయనీకె ఎవరిస్తరు? ఇజ్జత్ పోదా?"

"నేను చెప్తలేనా? బజార్ల చెప్పిన, పెండ్లిల్ల చెప్పిన, మసీదు మెట్ల మీద చెప్పిన. నా ఇజ్జత్ యాడికి పోయింది? చూడు, గీడనే ఉన్నది."

"ఇజ్జత్ ఉన్నది, చుట్టాలే పోయిండ్రు" అన్నది లోపలినుంచి జులేఖా బేగం.

సాబు పట్టించుకోలేదు. "ఎంత దూరం పోతె కూసుంటవ్, మెట్టు ఎట్లెక్కుతవ్, రాత్రి ఏ పక్కకు పంటవ్, గదే చెప్పు. మంచి దినం ఉంటె మంచి దినం గూడ చెప్పు. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

దుకాణం మూసే వేళకు మల్లప్ప తల వంచుకొని "జర... నొస్తది" అనగలిగాడు. జులేఖా బేగం శిష్యుడికి చాయ్, గురువుకు చీవాట్లు ఇచ్చింది.

పరీక్ష నాడు నాతో కలిసి నలుగురమూ పొద్దుటి రైలులో వికారాబాదు చేరుకొన్నాము. గది ముందు మల్లప్ప చెప్పులు విడిచి, కర్రను గోడకానించబోతే సాబు దగ్గారు. కర్ర లోపలికి వెళ్లింది. వెంట సింధుజ వెళ్లింది. తెరచిన తలుపు దగ్గర సాబు, నేను నిలబడ్డాము.

డాక్టరు భవ్యశ్రీ చిన్న వయసు మనిషి, నెమ్మదిగా అడుగుతున్నది. "రాత్రి నిద్ర పడుతుందా పెద్దాయనా?"

"మంచిగ పంట డాక్టరమ్మా."

మునీర్ సాబు పళ్లు నూరారు.

"మెట్లు ఎక్కగలరా?"

"ఎక్కుత."

కేక వేయడానికి సాబు నోరు తెరచి, అట్లాగే ఆగిపోయారు. మల్లప్ప చూపు డాక్టరు మీద లేదు. ప్రతి జవాబుకూ ముందు ఆయన కూతురి ముఖం వైపు చూస్తున్నాడు.

మరుక్షణం "యా అల్లా!" అన్న కేక వరండా అంతా మోగింది. సాబు తన భుజం పట్టుకొని తలుపు మీదికి వాలిపోయారు. "బిడ్డా సింధుజా! కాలు గుంజింది! జర పట్టుకో, బయటికి తీస్కపో!"

సింధుజ పరుగెత్తుకొని వచ్చింది. నర్సమ్మ కుర్చీ తెచ్చింది. డాక్టరమ్మ కూడా లేవబోయింది. "మీరు కూసోండ్రి డాక్టరమ్మా, గా పెద్దమనిషిని చూడుండ్రి! నాది పాత కాలే!" అని ఆయన సింధుజ భుజం మీద వాలి బయటికి నడిచారు. పోతూ పోతూ తలుపు మూశారు.

చాయ్ బండి దగ్గర బల్ల మీద కూలబడి, సింధుజను నీళ్లకు పంపారు. నేను వంగి మెల్లగా అన్నాను. "సాబూ, నొప్పి కాలికన్నారు. మీరు పట్టుకొన్నది భుజం."

"గప్ సారూ."

"ఎక్కువొద్దు, తక్కువొద్దన్నది తమరే కదా!"

ఆయన అటూ ఇటూ చూశారు. "బిడ్డ ముంగట తండ్రి నొస్తదని చెప్తడా సారూ? నేను మా అస్మా ముంగట ఏనాడన్న చెప్పిన్నా?"

అప్పుడు తట్టింది. ఊరందరికీ మోకాలు వినిపించిన ఈ మనిషి, కూతురు అస్మా పుట్టింటికి వచ్చిన రోజులలో కుట్టుమిషను ముందు పాట పాడుకొంటూ కనిపించేవారు.

సింధుజ నీళ్లు తెచ్చి, వద్దన్నా వినక ఆయన కాలు పట్టడం మొదలుపెట్టింది. లేని నొప్పికి ఆయన శాస్త్రోక్తంగా మూలుగుతూనే ఉన్నారు. ఆ మూలుగు అంత పేలవంగా ఉండటం నేనెన్నడూ వినలేదు. నిజం చెప్పి చెప్పి ఆయనకు అబద్ధం అలవాటు తప్పింది.

చాలాసేపటికి మల్లప్ప కర్ర ఊనుకొంటూ వచ్చాడు. పీల్చి పట్టుకొన్న ఊపిరి ఎన్నాళ్లకో వదిలినవానిలా ఉన్నాడు.

"చెప్పినవా?" అన్నారు సాబు.

"చెప్పిన. అడగంది గూడ చెప్పిన. డాక్టరమ్మ చేతులు నొచ్చేదాక రాసింది."

కొంతకాలానికి పింఛను మళ్లీ మొదలైంది, గొర్రెలు నిలిచాయి. అది తరువాతి మాట. ఆనాటి సాయంత్రం రైలులో మల్లప్ప ఇక ఆగలేదు. ఒకసారి తెరచిన నోరు మూతపడటం కష్టమే కదా. తుంటి సంగతి, రాత్రుల సంగతి, వాగు దాటేటప్పటి సంగతి ఎదురుగా కూర్చున్న కూతురికి వరుసగా చెప్పసాగాడు. సింధుజ కోపంగా అడిగింది.

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పకపోతివే నాయినా?"

"నువ్వెప్పుడొచ్చినా 'మంచిగున్నవా' అంటివి. మంచిగున్న అంటి."

ధారూరులో మా పెట్టెలోకి చంద్రప్ప ఎక్కాడు. చూసుకోకుండా "ఏం సాబ్, బాగున్నరా?" అనేసి, తానే నాలుక కరచుకొన్నాడు. మునీర్ సాబు పెదవుల మీద వేలు పెట్టి, పక్కకు జరిగి చోటిచ్చారు.

"గప్ కూసో. ఇయ్యాల నా వంతు కాదు."

సింధుజ తండ్రి పక్కకు మారి, తుంటి మీద చేయి వేసింది.

"ఈడనా?"

"జర కిందికి బిడ్డా."