మ్యాజిక్ డిఫెన్స్ కొనని బామ్మర్ది

ఆ ఆటలో నేను ట్యాంకుని. అంటే అందరికంటే ముందు నిలబడి దెబ్బలు తినాల్సినవాణ్ణి. మా బావ షూటర్, నా వెనక నిలబడి దూరం నుంచి కొట్టేవాడు. ఫోన్లో ఇటు ఐదుగురు, అటు ఐదుగురు చేరి ఒకరి కోట ఒకరు కూల్చుకునే ఆట అది. మా ఐదుగురిలో నేనొక్కణ్ణే కరీంనగర్‌లో, కోర్టు దగ్గరి నా టైపింగ్ షాపులో కూర్చుని ఆడేవాణ్ణి. మిగిలిన నలుగురూ కువైట్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లు: మా బావ, అంటే మా అక్క భర్త, ఆయన రూమ్మేట్లు ముగ్గురు. శుక్రవారం వాళ్లకు సెలవు. మధ్యాహ్నం వాళ్లు వండుకుని తిన్నాక ఫోన్ మోగేది. నేను షట్టర్ సగం దించి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకునేవాణ్ణి. ఒక్క గంట, అంతే.

బావది ఇచ్చోడ. కువైట్‌లో ఏసీలు బిగించే పని. ఆ గదిలో ఆయనే పెద్ద. వీసా కాగితం అర్థం కాకపోయినా, ఇంట్లో పెళ్లాంతో మాటామాటా వచ్చినా ఆ ముగ్గురూ ముందు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. కోపమంటే ఏమిటో తెలియని మనిషి. మా పెళ్లిళ్లు చర్చిలో అవుతాయి గానీ కొత్తల్లుడి అలకలు మాత్రం అందరివీ ఒకటే. అక్క పెళ్లిలో బావ అలిగితే బతిమాలే పని నాకు అప్పజెప్పారు. చాలాసేపు పక్కనే నిలబడి చూసి, ఇక లాభం లేదని నేనే అడిగాను.

"ఎప్పుడు అలుగుతవ్ బావా?"

"ఆకలైతుంది. తిన్నంక సూద్దాం" అన్నాడు.

తిన్నాక కూడా అలగలేదు. ఆ రోజు నుంచే ఆయన నాకు అలుసైపోయాడని ఇప్పుడు అనిపిస్తుంది. బావను ఆట పట్టించడం బామ్మర్దికి ఉన్న హక్కు. బావ నవ్వాలి. మొహం ముడుచుకున్నాడంటే ఆయన ఓడిపోయినట్టే లెక్క. ఆ హక్కును నేను ఇరవై నాలుగు గంటలూ వాడుకున్నాను.

ఆట సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు అర్థం కాదు. అందులో దెబ్బలు రెండు రకాలు. కత్తి, బాణం, గొడ్డలి ఒక రకం. నిప్పు, పిడుగు, మంత్రం ఇంకో రకం. మొదటి రకాన్ని కవచం ఆపుతుంది. రెండో రకాన్ని కవచం ఆపలేదు, దానికి మ్యాజిక్ డిఫెన్స్ అని వేరే ఉంటుంది. ఆట నడుస్తుండగా ఒక్కొక్కరూ ఆరు వస్తువులు కొనుక్కోవచ్చు. ఏవి కొంటామో మన ఇష్టం. నేను ఒక జత బూట్లు, ఐదు కవచాలు కొనేవాణ్ణి. గొడ్డలి పట్టుకుని మీదికి వచ్చేవాడు కళ్ల ముందు కనిపిస్తాడు కాబట్టి వాడంటేనే భయం. ఎక్కడో పొదల చాటు నుంచి మంత్రం వేసేవాణ్ణి నేను పట్టించుకోలేదు. పైగా ఇంకా ఎంత ప్రాణం మిగిలిందో చూపించే గీత నాది అందరికంటే పొడుగ్గా ఉండేది. అది చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

యుద్ధం మొదలైన కాసేపటికే అంత పొడుగు గీతా ఖాళీ అయ్యేది. ముందు నేను చచ్చేవాణ్ణి. నేను పడిపోగానే వాళ్ల మంత్రగాళ్లకు అడ్డం లేదు, నేరుగా బావ మీద పడేవాళ్లు. చచ్చినవాడు మళ్లీ లేచేదాకా ఆటలో చేసే పని ఏమీ ఉండదు, మిగిలినవాళ్లను చూస్తూ కూర్చోవాలి. నాకు నోరుంది కాబట్టి చూస్తూ మాట్లాడేవాణ్ణి. ముందు చచ్చిన నేను, తర్వాత చచ్చిన బావను ఎగతాళి చేసేవాణ్ణి. ఇందులోని సిగ్గుమాలినతనం అప్పుడు నాకు తట్టలేదు.

ఒక శుక్రవారం, "ఏందే బావా, అప్పడం లెక్క పటపట ఇరుగుతున్నవ్" అన్నాను. గదిలో ముగ్గురూ పడి పడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. మరుసటి వారం రూమ్మేట్లలో ఒకతను "అప్పడమన్నా, జర ఎన్కకు రా" అని పిలిచాడు. నా మాట అంత దూరం పాకినందుకు నాకు గొప్పగా అనిపించింది. ఆట అయ్యాక ఎవరు ఎన్నిసార్లు చచ్చారో చూపించే పేజీ వస్తుంది. దాన్ని ఫొటో తీసి మా ఇంటి గ్రూపులో పెట్టి, కింద "నేటి అప్పడం" అని రాసేవాణ్ణి. పెట్టిన ప్రతిసారీ బావ నవ్వు బొమ్మ పంపేవాడు. చాలా నెలలు ఇలాగే నడిచింది.

ఒకసారి ఫోన్ మోగలేదు. నేనే చేస్తే, "ఫోన్ స్లో అయింది బామ్మర్ది, ఆట నడుస్తలేదు" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. కానీ నమ్మినట్టు ఉండటం సులువు. తర్వాత కొన్నాళ్లకు, బావ గది మారాడని మాటల మధ్యలో అక్క చెప్పింది. ఎందుకని నేను అడగలేదు.

ఆట మాత్రం నేను మానలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఆడుతూ ఓడిపోతూ ఉండేవాణ్ణి. అప్పుడే షాపులో టైపింగ్‌కి నిర్మల్ నుంచి ఒక అమ్మాయి చేరింది. డిగ్రీ అయిపోయింది, నాకంటే వేగంగా టైపు చేస్తుంది, ఆ ఆటలో నాకంటే ఎన్నో మెట్లు పైన ఉంది. ఒకరోజు భోజనాల వేళ నా ఆట చూసి డబ్బా మూత పెట్టేసింది.

"అన్నా, మీరు ట్యాంకు గదా. మ్యాజిక్ డిఫెన్స్ ఏది?"

"కవచాలున్నయి గదమ్మా, ఐదు."

"మంత్రానికి కవచాలతోని ఏం పని అన్నా?"

పాడైన జిరాక్స్ కాగితం తిప్పి రాసి చూపించింది. మ్యాజిక్ డిఫెన్స్ సున్నా ఉంటే వెయ్యి దెబ్బకు వెయ్యీ తగులుతుంది. వంద ఉంటే సగమే తగులుతుంది, ఐదు వందలు. రెండు వందలుంటే మూడో వంతు, మూడు వందలుంటే నాలుగో వంతు. అంటే మొదటి వంద చేసే మేలు తర్వాతి వందలు చెయ్యవు. అందుకే ఎవరైనా ఒకటో రెండో తప్పకుండా కొంటారట. ఎదుటివాడు దాన్ని చీల్చే వస్తువు కొంటే మన వందలో కొంత లెక్కలోంచి పోతుంది. అది వేరే చిక్కు. నా చిక్కు అంతకంటే చిన్నది. నా దగ్గర చీల్చడానికి కూడా ఏమీ లేదు.

"మరి ఎన్కున్న షూటర్ ఊకె సస్తుంటే ఎవరి తప్పు?" అని అడిగాను. జవాబు తెలిసే అడిగాను.

"ముందటోడు నిలవడకపోతే ఎన్కటోడు ఏం జేస్తడన్నా" అంది.

ఎగతాళి కోసం నేను తీసిన ఫొటోలన్నీ ఫోన్లోనే ఉన్నాయి. ఆ పేజీలో ప్రతి పేరు పక్కనా అతను కొన్న ఆరు వస్తువుల బొమ్మలు చిన్నగా ఉంటాయి. ఇన్నాళ్లూ నేను చావుల అంకె తప్ప ఇంకేమీ చూడలేదు. ఇప్పుడు పెద్దవి చేసి చూస్తే, నా వరుసలో అవే ఐదు కవచాలు. బావ వరుసలో నాకు తెలియని బొమ్మలు రెండు కనిపించాయి. ఆ అమ్మాయికి చూపించాను.

"రెండూ మ్యాజిక్ డిఫెన్సే. షూటర్ ఇవి కొంటే కొట్టేందుకు బలం తగ్గుతది, ఎవరూ కొనరు. గీ రెండోది సుట్టుపక్కలున్నోళ్లకు గూడ కొంత డిఫెన్స్ ఇస్తది." కాసేపు చూసి, "మీ కోసమే కొన్నట్టున్నడు అన్నా" అంది.

ఒక్కొక్క ఫొటో తెరిచాను. దాదాపు అన్నిట్లోనూ ఆ రెండు బొమ్మలు ఉన్నాయి. తల కొట్టేసినట్టయింది. నన్ను కాపాడటానికి తన బలం తగ్గించుకున్న మనిషిని, బలం లేదని ఊరంతా నవ్వేలా చేశాను. వెంటనే ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. ప్రతి ఆదివారం చర్చిలో నిలబడి అందరితో పాటు తప్పులు ఒప్పుకునేవాణ్ణి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేవాణ్ణి.

ఎండాకాలంలో బావ సెలవు మీద వచ్చాడు. ఇచ్చోడ వెళ్లాను. అరుగు మీద కూలర్ విప్పి, పాత గడ్డి తీసి కొత్త గడ్డి కూరుతున్నాడు. అక్క లోపల వంటలో ఉంది. పక్కన కూర్చుని, దారి పొడుగునా అనుకున్న మాట అనేశాను.

"బావా, అప్పుడు తప్పు నాదే. నేను ఒక్కనాడు గూడ మ్యాజిక్ డిఫెన్స్ కొనలే."

"నాకు ఎరుకే" అన్నాడు తల ఎత్తకుండా.

"ఎరుకైతే ఒక్కసారన్న చెప్పొద్దా?"

"చెప్తే మొకం మాడ్సుకుంటవ్. ఆడుడు బంద్ వెడ్తవ్. నీ సంగతి నాకు తెల్వదా? శుక్రారం గా గంట కోసం వారమంత సూస్తుంటి నేను."

అలిగేవాణ్ణి నేనని ఆయనకు ముందే తెలుసు.

"మరి ఎందుకు బంద్ వెట్టినవ్?"

మిగిలిన గడ్డి కూరి అరచేత్తో అదిమాడు. "నువ్వు అన్నంత సేపు ఏం గాలే. బామ్మర్దివి, అంటవ్. పని కాడ గూడ మొదలువెట్టిరి. మా ఫోర్‌మన్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయన గూడ అప్పడం అనుడు నేర్చుకున్నడు. అటెన్క గదిల ఎవ్వరు నన్ను ఏం సలహా అడుగలే."

"ఇప్పుడు ఉంటున్న గదిల?"

"అందరు వేరే దేశాలోళ్లు. మంచోళ్లే. మాట కలువదు."

"మరి శుక్రారం ఏం జేస్తవ్?"

"పండుకుంట" అన్నాడు. కూలర్ తలుపు నా చేతికిచ్చి, జర గట్టిగా పట్టుకొమ్మని చెప్పి మరలు బిగించసాగాడు.

క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది. అడిగితే ఆ క్షణమే నవ్వి సరే అంటాడని నాకు తెలుసు. అందుకే అడగలేకపోయాను.