నాడె పట్టిన చేతులు

సంస్థానం రోజుల్లో గద్వాలలో మా ఇంటి మగ్గం మీద చీర నేసేది ఇద్దరం. నాయిన అటునుంచి నాడె విసిరితే, నేను ఇటు పక్కన కూర్చుని పట్టుకుని మళ్ళీ విసరాలి. నాడె అంటే కడుపులో నూలు కండె పెట్టుకుని పడుగు పోగుల మధ్య ఉరికే చెక్కముక్క. పొద్దున బడివేళ దాకా అదే పని. సాయంత్రం హాకీ. రెండూ ఒకే జత చేతులతో చేయాల్సి రావడమే నా ఖర్మ.

మా కెప్టెన్ వకీలుగారి కొడుకు. జన్మలో నాడె ముట్టనివాడు. చెండు రాగానే నేను కట్టెతో ఆపి, తృప్తిగా ఒకసారి చూసుకుని, అప్పుడు కొట్టేవాణ్ణి. ఈలోగా అవతలివాళ్ళు ఎత్తుకుపోయేవారు.

"ఆపకురా! ఉరికొచ్చేదాన్ని ఉరికొచ్చినట్టే కొట్టాలె. చూస్కుంట నిలబడ్తవేంది, పెండ్లిచూపులకొచ్చినవా? గది నేర్చుకుంటేనే వనపర్తోళ్ళ మ్యాచ్‌కు తీస్కుంట."

వనపర్తి మ్యాచ్ అంటే మాటలా! నెలరోజులు చెండును ఆపకుండా కొట్టడం సాధన చేశాను. మోకాలు వాచింది, ముక్కు పగిలింది, విద్య మాత్రం వచ్చింది.

వచ్చిన విద్య ఊరుకుంటుందా? ఒకరోజు పొద్దున నాయిన నాడె విసిరాడు. నా చెయ్యి దాన్ని పట్టుకోలేదు. వచ్చింది వచ్చినట్టే అరచేత్తో ఛట్టున వెనక్కి కొట్టింది. అది వంకరగా దూసుకుపోయి, ముప్పై పోగులు తెంపి, నాయిన గడ్డానికి తగిలింది.

"ఏందిరా గిది?"

"హాకీ, నాయినా," అన్నాను. అబద్ధం చెప్పే తెలివి ఆ వేళకు రాలేదు.

నాయిన తిట్టకుండా లేచి నా హాకీ కట్టె తెచ్చాడు. పొయ్యిలో పెడతాడనుకున్నాను. పెట్టలేదు. పడుగు తాడును మెలితిప్పి బిగించే కర్ర తీసేసి, దాని బదులు నా కట్టెను దూర్చి కట్టాడు.

"మంచి కట్టె. చీర మగ్గం దిగినంక తీస్కో. ఇంకొక్క పోగు తెగిందో, ఇది ఈడనే ఉంటది."

మ్యాచ్‌కు ఎనిమిది రోజులే ఉన్నాయి. కళ్ళెదుట నా కట్టె మగ్గానికి కట్టేసి ఉంది. తెగిన పోగులన్నీ ముడివేసి, నాడె వచ్చిన ప్రతిసారీ పసిపిల్లను అందుకున్నట్టు అందుకున్నాను. ఒక్క పోగు తెగితే ఒట్టు. మ్యాచ్ రోజు మధ్యాహ్నం చీర దిగింది. కట్టె తీసుకుని ఉరికాను. ఎన్నడూ లేనిది, నాయిన కూడా చూడ్డానికి వచ్చాడు.

చెరో గోలు అయ్యాయి. ఆట ముగియవచ్చింది. వాళ్ళ గోల్‌కీపర్ కిందపడ్డాడు. కెప్టెన్ కొట్టిన చెండు సరిగ్గా నా ముందుకు ఉరికొస్తోంది.

"కొట్టరా!" అని మైదానమంతా ఒకటే కేక.

నా చేతులు దాన్ని మెత్తగా అందుకున్నాయి. ఆపాయి. కొడదామని తలెత్తేసరికి చెండు లేదు. వనపర్తివాళ్ళు తీసుకుపోయి మాకే గోలు కొట్టేశారు. కెప్టెన్ నేలమీద కూలబడి నా ఏడుతరాలనూ తిడుతున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

మా ఊరివాళ్ళలో ఒక్కరే చప్పట్లు కొడుతున్నారు.

"షాబాష్ కొడకా!" అని నాయిన గొంతు. "గట్ల పట్టాలె!"