మెంగియా సరేనన్న పుట్టగొడుగులు

రైన్ నది ఇంకా వాగంత సన్నగా పారే మా లోయలో, అడవి నుంచి పుట్టగొడుగులు తెచ్చుకున్నవాళ్లు ముందు మెంగియా ట్వోర్‌కి చూపించుకోవాలి. బడి కింది గదిలో ఆమె పంచాయతీ తరఫున ఇరవై ఆరేళ్లుగా ఆ పని చేస్తోంది. ఎవరి బుట్టయినా బల్ల మీద బోర్లించాల్సిందే. అనుమానం వస్తే చెత్తలో పడేస్తుంది, ఎంత మొత్తుకున్నా తిరిగివ్వదు. అంతకుముందు బడిలో కుట్టుపని నేర్పేది. నేనూ ఆమె దగ్గర నేర్చుకున్నదాన్నే.

ఆ సెప్టెంబరు శనివారం పొద్దున గియేరీ కాడుఫ్ వచ్చాడు. రైలుపట్టాల పని చేసి రిటైరైన మనిషి, నోరు ఊరుకోదు. స్ప్రూస్ చెట్ల మొద్దుల మీద గుత్తులుగా మొలిచే తేనెరంగు మొద్దుగొడుగులు తెచ్చాడు.

"మెంగియక్కా, ఇవీ పారేశావంటే మధ్యాహ్నం భోజనానికి మీ ఇంట్లోనే దిగుతా."

"దిగు. నిన్నటి బార్లీ సూప్ మిగిలిపోయింది, పోస్తా."

అంటూనే ఒక్కో కాడనూ తిప్పి చూసింది. కాడ చుట్టూ ఉంగరంలా ఉండే పొర కింద గోధుమరంగు పొలుసులు గరుకుగా తగిలితే మంచిది. అక్కడ నున్నగా, వెండిపోగుల్లా ఉంటే ప్రాణాంతకం. పైనుంచి చూస్తే రెండూ కవలలే, ఒకే మొద్దు మీద పక్కపక్కనే మొలుస్తాయి కూడా. అన్నింటికీ పొలుసులున్నాయి. తూచి, చీటీ రాసిచ్చింది.

ఆదివారం పొద్దున ఏడింటికి ఆసుపత్రి నుంచి గియేరీ భార్య బార్లా ఫోన్ చేసింది.

"అక్కా, తెల్లవారుజాము నుంచి ఆయనకు ఆగకుండా వాంతులు. ఏం పుట్టగొడుగులని డాక్టరు అడుగుతున్నాడు. నువ్వు చూసినవే కదా? చెప్పక్కా!"

"ఎప్పుడు తిన్నాడు?"

"నిన్న సాయంత్రం ఏడింటికి. నాకు పడవు, నేను ముట్టుకోలేదు."

తిన్న పది గంటలకు మొదలయ్యాయన్నమాట. తిన్న గంటకో రెండు గంటలకో కడుపు తిప్పితే అంత భయం లేదు. ఇంత ఆలస్యంగా మొదలైతే లోపల కాలేయం పాడవుతోందని అర్థం.

"విషమనే అనుకుని మందు మొదలుపెట్టమను. నా కోసం ఆగొద్దను," అంది మెంగియా.

తర్వాత నా కారు కోసం వచ్చింది. గియేరీ ఇంటికి తీసుకెళ్లమంది.

"నిన్న బల్ల మీద ఎండ పడుతోంది," అంది దారిలో. "కళ్లద్దాలు మార్చుకోవాలని వసంతం నుంచీ అనుకుంటున్నా. ఒక్కటి తప్పినా చాలు."

నేను కారు వేగం పెంచాను.

గియేరీ వంటింట్లో పెనం కడిగేసి ఉంది. కానీ ఈ పుట్టగొడుగుల కాడలు నమలలేం, పైగొడుగే వండుతారు. మెంగియా తొక్కల బకెట్‌ను పేపరు మీద గుమ్మరించింది. కాఫీ పిప్పిలోంచి, బంగాళాదుంప తొక్కల్లోంచి కాడలు ఏరి వరుసగా పేర్చింది. పొలుసులు. పొలుసులు. మళ్లీ పొలుసులు. రెండో వరుసలో చెయ్యి ఆగింది. ఒక కాడ వెండిలా మెరుస్తోంది. నలిపి వాసన చూసింది, పచ్చిపిండి వాసన. అలాంటివి ఐదు దొరికాయి.

ముందు డాక్టరుకు ఫోన్ చేసి ఆ విషపు పుట్టగొడుగు పేరు చెప్పింది. తర్వాత ఆ ఐదింటినీ పక్కకు తీసి పెట్టింది. "నా చేతుల్లోంచే పోయాయి."

ఆమె రాసిన చీటీ గోడకు గుచ్చి ఉంది. నాలుగువందల గ్రాములు. పేపరు మీది కాడల లెక్కన పుట్టగొడుగులు అంతకు రెండింతలు ఉండాలి. నేను బార్లాకు ఫోన్ చేశాను.

"నిన్న మధ్యాహ్నం మళ్లీ అడవికి వెళ్లాడు," అంది బార్లా. "అదే మొద్దు. 'మెంగియా సరేనంది కదా, మళ్లీ చూపించడం దేనికి' అన్నాడు."

"టీచర్, ఇందులో మీ తప్పేం లేదు," అన్నాను.

"సరేనన్నది ఆ బుట్టకు, మొద్దుకు కాదు. ఆ మాట వాడికి చెప్పానా?"

సోమవారం వాంతులు ఆగాయి. గియేరీ నర్సులతో వేళాకోళాలాడుతున్నాడని బార్లా సంబరంగా చెప్పింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. మెంగియా మాత్రం ముద్ద మింగలేదు, ఈ విషం ఒకరోజు అలా నమ్మిస్తుందని ఆమెకు తెలుసు. మంగళవారం గియేరీ కళ్లు పచ్చబడ్డాయి. బుధవారం డాక్టర్లు కాలేయ మార్పిడి మాటెత్తారు. ఆ రెండురోజులూ ఆమె ఫోన్ పక్క నుంచి కదల్లేదు. గురువారం సాయంత్రం నుంచి రక్తపరీక్షలు మెరుగయ్యాయి. మూడువారాలకు గియేరీ సగం మనిషై ఇంటికొచ్చాడు.

ఆ ఏడాది మెంగియా మరి మొద్దుగొడుగులు ఎవరికీ తిరిగివ్వలేదు, మంచివని తెలిసినా సరే. జనం సణిగారు. గియేరీ దారిలో ఎదురైతే టోపీ తీసి, ఒక్క జోకైనా వెయ్యకుండా తల దించుకుని వెళ్లిపోయేవాడు.

"వాడు నన్ను తిట్టినా బాగుండేది," అందామె నాతో ఒకసారి.