ఎడమవైపు మడ్‌గార్డు

ఆ లారీని ఆటోనగర్‌లోని మా షెడ్డుకు లాక్కొచ్చినప్పుడు నేను వెంటనే గుర్తుపట్టలేదు. ముందు ముక్కున్న పాతకాలపు బండి. తెచ్చినాయనకు నలభై దాటి ఉంటాయి, బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు నడుపుతున్నాడు. వాళ్ల నాన్న పోయాక, ఆయన నడిపిన లారీని బాగుచేయించి ఇంటి ముందు నిలుపుకోవాలని ఆశ.

"ఏ రేకులు మార్చాలో మీరే చెప్పండి మేస్త్రి గారూ. అచ్చం పాతవాటిలాగే కొత్తవి చేసి అమ్ముతున్నారంట," అన్నాడు.

తలుపులు తుప్పు పట్టి చెయ్యి దూరేంత కంతలు పడ్డాయి. వాటికి కొత్తవి తెప్పించమన్నాను. బానెట్ ఉంచేద్దామన్నాను. ఎడమవైపు మడ్‌గార్డు మీద రంగు గీకితే కింద లప్పం కనిపించింది. లోపలికి చెయ్యి పెట్టి తడిమాను. సుత్తి దెబ్బలు వరసగా, ఒక పక్కకే వాలి తగిలాయి. నేను ఎడమచేతివాణ్ణి. ఆ పని నాదే.

ముప్పై ఏళ్ల కిందట, ఓ వర్షాకాలం పొద్దున నేను షెడ్డు తీసేసరికే ఆ లారీ వచ్చి నిలబడి ఉంది. నడిపినాయన సీట్లోంచి దిగలేదు.

"కూచిపూడి దాటాక గేదె అడ్డమొచ్చింది. సాయంత్రానికి చేసిచ్చెయ్," అన్నాడు.

మడ్‌గార్డు అంచు మడతలో నీలం గళ్ల గుడ్డపీలిక ఇరుక్కుని ఉంది. లుంగీ గుడ్డ. పట్టకారుతో లాగి, కాసేపు చేతిలో పట్టుకుని, మురిక్కాలవలో పడేశాను. ఏమీ అడగలేదు. నొక్కు తీసి, లప్పం పెట్టి, రంగేసి ఇచ్చాను.

అప్పట్నుంచి నీలం గళ్ల లుంగీ కట్టుకున్న మనిషి ఎవరు నడిచిపోతున్నా గబగబా ముందుకెళ్లి ముఖం చూసేవాణ్ణి. మసీదులో నమాజుకు నిలబడ్డప్పుడు కూడా నా కళ్లు ముందు వరసలో ఆ నీలం గళ్ల కోసం వెతికేవి. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా.

"ఈ మడ్‌గార్డు కూడా మార్చేద్దామండీ," అన్నాను ఆ కొడుకుతో.

ఆయన కొత్తది తెప్పించాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. కొత్తది పలచన, వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగింది. వంపు కుదర్లేదు, బోల్టు కంతలు అరంగుళం పక్కకున్నాయి. పాతది ఇంకా గట్టిగానే ఉంది.

"పాతదే నయంగా ఉంది కదండీ. మీకెందుకు ఇష్టం లేదు?" అని అడిగాడు.

చెప్పాను. గుడ్డపీలిక సంగతి కూడా.

ఆయన పాత రేకు మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు.

"మాకు కూడా గేదె అనే చెప్పారు. ఆ ఏడాది నుంచి నాన్న మళ్లీ లారీ ఎక్కలేదండీ. డ్రైవర్ని పెట్టారు. చూపు తగ్గిందేమో అనుకున్నాం." కొత్త రేకు వైపు చూసి, "కొత్తదే వేసెయ్యండి. పాతది నేను తీసుకుపోలేను. తుక్కులో మాత్రం వెయ్యకండి," అన్నాడు.

కొత్తదాన్ని కొలత కోసం కోసి, వంచి, కంతలు మళ్లీ వేసి బిగించడానికి రెండు రోజులు పట్టింది. పాతది షెడ్డులో గోడకు ఆనించి ఉంచాను. బండి వెళ్లిపోయిన వారానికి నేను బస్సెక్కి కూచిపూడి దాటి దిగాను. రోడ్డు పక్క టీ కొట్టులో నా వయసు ఆవిడ ఉంది.

"ముప్పై ఏళ్ల కింద ఈ రోడ్డు మీద లారీ గుద్ది ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగాను.

"ఎవర్నని చెప్పనండీ, ఒకళ్లా ఇద్దరా," అంది టీ వడపోస్తూ. గ్లాసు నా చేతికిచ్చి, "మీకేమవుతారు?" అని అడిగింది.

గ్లాసు పట్టుకుని కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. తిరుగు బస్సు వచ్చేదాకా అక్కణ్ణుంచి లేవలేదు. ఆవిడ మళ్లీ అడగలేదు.