అందరికీ తియ్యగా ఉన్న ఆనపకాయ

మా ఆయన రిటైరైన కొత్తలో ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ ఫైలు చూసినట్టు చూసేవారు. పప్పు డబ్బా ఇక్కడెందుకుంది, చీపురు అక్కడెందుకుంది అంటూ వంటింటి గుమ్మంలో నిలబడి సంజాయిషీ అడిగేవారు. లక్డీకాపూల్ ఆఫీసులో ఆయన కింద పనిచేసినవాళ్లు ఇన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చారో నాకు నెల తిరక్కుండానే అర్థమైంది. అందుకే, అమీర్‌పేటలోని మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద తొట్లు పెట్టి కూరగాయలు పెంచుతానని ఆయన అన్నప్పుడు నేను ఒక్క మాట అడ్డు చెప్పలేదు. పైగా మట్టి బస్తాకి ఒక చెయ్యి కూడా వేశాను.

మొక్కలతో ఆగితే బాగుండేది. మొక్కలతో పాటు వాట్సాప్ గ్రూపొకటి వచ్చింది. అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కల మిద్దె తోటలున్న వాళ్లందరూ అందులో సభ్యులు. ఆయన చేరింది చాలక నన్నూ చేర్పించారు. దానికి పెద్ద, పంజాగుట్టలో ఉండే ఒకాయన. ఏదో శాఖలో పెద్ద కుర్చీలో కూర్చుని దిగిన మనిషి. దిగాక కూర్చోడానికి కుర్చీ కావాలి కదా, ఈ గ్రూపు దొరికింది. అందరూ ఆయన్ని గురువుగారూ అనేవారు. ప్రతి ఆదివారం ఎవరి తోట ఎలా పెరుగుతోందో అందరూ ఫొటోలతో సహా చెప్పుకోవాలని ఆయన ఆజ్ఞ.

ఇక చూడాలి. ఒక పచ్చిమిరపకాయ కాస్తే మనవడు పుట్టినంత హడావుడి. మూడు బెండకాయలు అరచేతిలో పెట్టుకుని, వెనకాల పట్టుచీర కొంగు కనబడేలా ఒకావిడ. టమాటా పక్కన తన తల పెట్టి, ఏది టమాటానో తెలియకుండా ఒకాయన. బంజారా హిల్స్ మొదట్లో బంగళా ఉన్న ఒకావిడైతే, "మేము ఈరోజు వంగ మొక్కలకి ఎరువు వేశాం" అని పెట్టేది. ఫొటోలో మట్టిలో ఉన్న చెయ్యి మాత్రం వాళ్ల తోటమాలిది. ఆ 'మేము'లో ఆవిడ వాటా ఫొటో తియ్యడం.

ఎవరేం పెట్టినా మిగతావాళ్లందరూ "అబ్బ, ఎంత లేతగా ఉన్నాయో!" అనాలి. ఇవాళ మనం అనకపోతే రేపు మన వంకాయని చూసి ఎవరూ అనరు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. మా ఆయన పొద్దున్న కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఎవరిదీ వదలకుండా వాయనాలు పంచేవారు. నేను వండిన ఒక్క కూరైనా ఏనాడూ బాగుందని అనని మనిషి, ఎవరో పెంచిన కొత్తిమీరకి నాలుగు చప్పట్లు కొట్టేవారు.

ఆ వానాకాలంలో మా తొట్టిలో ఆనప తీగ పాకింది. ఒకే ఒక్క పిందె నిలిచింది. దానికి రోజూ ఫొటో. పిందె, పిందె కింద మా ఆయన చెయ్యి, చేతి వెనకాల పక్క హాస్టల్ మిద్దె మీద ఆరేసిన తువ్వాళ్లు. కాయ మూరెడు పొడుగు సాగాక నేను పైకెళ్లి చూశాను. లేతగా, నూగుతో మిసమిసలాడుతోంది.

"రేపు కోసుకొస్తాను, పాలు పోసి వండుతాను" అన్నాను.

"ఏంటి, కోస్తావా?" అన్నారు, పిల్లాడి చెవి కోస్తానన్నట్టు చూసి. "వచ్చే ఆదివారం గ్రూపు వాళ్లందరూ మన తోట చూడ్డానికి వస్తున్నారు. గురువుగారు కూడా. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

తీరా ఆ ఆదివారం కుండపోత వాన. ఆ పై ఆదివారం సద్దుల బతుకమ్మ సందడి. ఆ తర్వాత గురువుగారికి మోకాలు నొప్పి. కాయ మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. బరువుకి తీగ తెగుతుందని మా ఆయన నా పాత చీర చింపి దానికి ఉయ్యాల కట్టారు. బారసాల ఒక్కటే తక్కువ. ఒకరోజు ఆయన చూడకుండా గోరు గుచ్చి చూశాను. గోరు దిగలేదు. అంత పెద్ద కాయని కళ్ల ముందు పెట్టుకుని ఆ నెలంతా మార్కెట్లో ఆనపకాయ కొనుక్కుని వండాను.

చివరికి వాళ్లొచ్చారు. ఎవరి మిద్దె మీద పండింది వాళ్లు వండి తేవాలని, అందరం కలిసి తినాలని ముందే నిర్ణయం. బంజారా హిల్స్ ఆవిడ తెచ్చిన గుత్తి వంకాయ స్టీలు గిన్నెలోనే ఉంది గానీ, గిన్నె అడుగున ప్లాస్టిక్ కవరు ముడి ఒకటి అంటుకుని ఉంది. అమీర్‌పేటలో కర్రీ పాయింట్ ముడి గుర్తుపట్టని ఇల్లాలు ఉండదు. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను. కూర నిజంగానే బాగుంది.

గురువుగారు ఆయాసపడుతూ మెట్లెక్కి, ఉయ్యాలలో ఉన్న కాయ మీద వేలితో కొట్టి చూశారు. టకటకమని చెక్క మోగినట్టు మోగింది.

"ముదిరిపోయిందే! విత్తనానికి ఉంచారా?" అన్నారు.

మా ఆయన కన్నార్పలేదు. "అవునండీ, విత్తనానికే. తొలికాయ తినకూడదు, విత్తనానికి వదలాలి అని మా నాన్నగారు చెప్పేవారు."

మా మామగారు జీవితమంతా కోర్టులో గుమాస్తా. ఆయన చేత్తో తులసి మొక్కకి కూడా నీళ్లు పోయగా నేను చూడలేదు. కానీ గ్రూపు మొత్తం తలలూపింది. విత్తనాలు మాక్కావాలంటే మాక్కావాలని పోటీ పడ్డారు.

ఆ రోజు వచ్చినవాళ్లలో మా వెనక సందులో జాకెట్లు కుట్టే ఆవిడ కూడా ఉంది. సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ చిన్న కొట్టు పెట్టుకుంది. అద్దె ఇంటి స్లాబు మీద నాలుగు పెయింటు డబ్బాల్లో ఆకుకూరలు పెంచేది. ఆవిడని గ్రూపులో నేనే చేర్పించాను.

"అక్కా, గా సొరకాయ విత్తులు నాకు సుత జర ఇప్పియ్యరాదు?" అంది నాతో.

పక్కనే ఉన్న పట్టుచీర ఆవిడ నవ్వి, "సొరకాయ కాదమ్మా, ఆనపకాయ అనాలి" అని దిద్దింది.

"పేరేదైతేంది మేడం, పప్పుల ఏస్తే ఒకటే గద" అంది ఆవిడ.

మా ఆయన ఆ కాయని ఎండబెట్టి, గింజలు తీసి, పొట్లాలు కట్టి పంచారు. గ్రూపులో ఆయనకి విత్తన దాత అని బిరుదు వచ్చింది. ఆ వారం రోజులూ ఇంట్లో కూడా దాతలాగే తిరిగారు. ఆ కాయ రుచి ఎలాంటిదో మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరు కోసి తింటేగా.

చలి తగ్గాక అందరూ ఆ విత్తనాలు వేశారు. ఎండలు ముదిరేసరికి తీగలు కాపుకొచ్చాయి. మొదట గురువుగారే ప్రకటించారు: "మన విత్తన దాత ఇచ్చిన ఆనప. ఇవాళే వండాం. తేనె!" అంతే, ఇక వరసపెట్టి ఆదివారమంతా తేనెలే. ఒకరికి పాలకోవాలా ఉందిట. ఇంకొకరి మనవరాలు కూర వద్దని, ఉత్త ముక్కలే తింటానని మారాం చేసిందిట. బంజారా హిల్స్ ఆవిడ "మేము ఇలాంటి రుచి జన్మలో ఎరగం" అని రాసింది.

ఆ రోజే మా మిద్దె మీద కూడా కాయ కోశాం. ఈసారి లేతగానే కోయనిచ్చారు. పాలు పోసి వండి, ఆయనకి వడ్డించి, నేనూ కలుపుకున్నాను. ముద్ద నాలుక మీద పడగానే నా కళ్లు తిరిగాయి. అంత చేదు నేను వేపాకులో కూడా ఎరగను. సింకు దగ్గరికి పరిగెత్తి ఉమ్మేసి నోరు పుక్కిలించుకుని వెనక్కి తిరిగేసరికి, ఆయన నోట్లో ముద్ద పెట్టుకుని మింగలేక కక్కలేక, ఫొటోకి నిలబడ్డట్టు కూర్చున్నారు.

"ఉమ్మేయండి" అన్నాను.

ఉమ్మేశారు. నీళ్లు తాగారు. ఆ తర్వాత ఫోను తీసి గ్రూపు చూశారు.

"అందరికీ తియ్యగా ఉంటే మనకే ఎందుకు చేదుగా ఉంటుంది? నువ్వు నూనె ఏం వాడావు?"

నేను గిన్నె తీసుకెళ్లి చెత్తడబ్బాలో బోర్లించి వచ్చేలోపు, ఆయన గ్రూపులో రాసేశారు: "మా ఇంట్లోనూ అమృతమే. అందరికీ ధన్యవాదాలు."

రెండు రోజుల తర్వాత గ్రూపులో జాకెట్లు కుట్టే ఆవిడ గొంతు వినిపించింది. రాయడం కుదరక మాట రికార్డు చేసి పెట్టింది. వెనకాల మిషను చప్పుడు కూడా వస్తోంది.

"నమస్తే అందరికి. గీ సొరకాయ మా ఇంట్ల మస్తు చేదున్నది. మా అత్తమ్మ రెండు ముద్దలు తినంగనే వాంతులైనయ్. దవాఖానకు తీస్కపోయినం, ఇప్పుడు మంచిగనే ఉన్నది, ఫికర్ లేదు. మరి మీకందరికి తియ్యగ ఎట్లున్నదో జర చెప్పుండ్రి. నేనేమన్న తప్పు వండిన్నా?"

తర్వాత గురువుగారు రాశారు: "అమ్మా, మొక్కకి మన మనసు తెలుస్తుంది. నీళ్లూ ప్రేమా తగ్గితే కాయ చేదెక్కుతుంది." దాని కింద బంజారా హిల్స్ ఆవిడ రెండు దణ్ణాలు పెట్టి, "నిజం గురువుగారూ, మేము రోజూ మొక్కలతో మాట్లాడతాం" అంది. ఇంకెవరో, చేదు షుగరుకి మంచిదని ఎక్కడినుంచో వచ్చిన మెసేజీ ఒకటి తెచ్చి పడేశారు. వెంటనే కొందరికి, తాము తిన్న తేనెలో కొంచెం ఆరోగ్యకరమైన చేదు కూడా ఉన్నట్టు గుర్తొచ్చింది.

మళ్లీ ఆవిడ గొంతు: "కాకరకాయ చేదున్నా తింటం సార్. సొరకాయ చేదుంటే పారబొయ్యాలె, తినొద్దు అన్నడు డాక్టర్. అది విషమంట."

ఆ మాట పూర్తిగా వినేలోపే ఆవిడని గ్రూపులోంచి తీసేశారు. కింద గురువుగారి ప్రకటన: "నెగెటివ్ మాటలు మొక్కల పెరుగుదలకి మంచివి కావు."

నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పులేసుకుని, "పదండి, ఆ పెద్దావిడని చూసొద్దాం" అన్నాను మా ఆయనతో.

"మన విత్తనం వల్లే అని రుజువేముంది?" అన్నారు ఆయన, మళ్లీ ఆఫీసు గొంతుతో.

"మొన్న మీరు సింకులో ఉమ్మింది ఏంటి మరి? అమృతమా?"

ఆయన లేచి చొక్కా వేసుకున్నారు.

కొట్లో ఆవిడ మిషను దగ్గర లేచి నిలబడింది. ముఖం ముడుచుకుని ఉంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ల అత్తగారు మజ్జిగ తాగుతోంది. బక్కపల్చటి ముసలావిడ, కళ్లు మాత్రం చురుకు. మా ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వేనా బిడ్డా, గా సొరకాయ విత్తులిచ్చినోడివి?"

"అవునమ్మా" అన్నారు మా ఆయన.

"నన్ను పంపనీకి విత్తనమేసి, పందిరేసి, గంత కష్టమెందుకు? చెప్తే నేనే పోదును గద."

కోడలు మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన మాత్రం నవ్వలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గోడకి వేలాడుతున్న కొలతల టేపు పట్టుకుని నిలబడ్డారు.

"నాకూ చేదుగానే ఉందమ్మా" అన్నారు చివరికి.

"మరి గండ్ల తియ్యగున్నదని చెప్పినవంట?" అంది ముసలావిడ, కోడలి ఫోను వైపు వేలు చూపిస్తూ.

ఆయన టేపు వదిలి తల వంచుకున్నారు. ఇన్నేళ్ల సర్వీసులో పైఅధికారుల ముందు కూడా ఆయన అలా నిలబడి ఉండరు.

ఇంటికొచ్చి, నాకు చూపించకుండానే గ్రూపులో రాశారు. తర్వాత చూశాను: "మా విత్తనం చేదు. మా ఇంట్లో కాయ కూడా చేదే. తియ్యగా ఉందని నేను రాసింది అబద్ధం. ఆ అమ్మాయి చెప్పింది నిజం. ఎవరూ తినకండి, తీగలు పీకేయండి." కాసేపటికే గురువుగారు దాన్ని చెరిపేశారు. ఆ కాసేపట్లో చూడవలసినవాళ్లు చూసేశారు. సాయంత్రం దాకా ఫోన్లే. "మీది కూడానా? మాది కూడా అండీ, బయటికి చెప్పకండేం" అని ఒకరి తర్వాత ఒకరు. బంజారా హిల్స్ ఆవిడ అన్నిటికంటే తేల్చి చెప్పింది.

"మేమసలు తినలేదండీ. తొలికాయ మా మాలీకి ఇచ్చేశాం. పాపం, ఆ రోజు నుంచి పనికి రాలేదు. ఎందుకో అనుకున్నాం."

తర్వాతి ఆదివారం గ్రూపులో అందరి తోటలూ మామూలుగానే పెరిగాయి. ఆనప తీగ మాత్రం ఎవరి మిద్దె మీదా లేదు. ఈ ఏడు ఎండలకి మాడిపోయిందని అందరూ విచారించారు. గురువుగారిది కూడా మాడిపోయిందిట. మా ఆయన ఎవరికీ చప్పట్లు కొట్టకుండా ఫోను బోర్లించి, మిద్దె ఎక్కి మా తీగని వేళ్లతో సహా పీకి కిందికి తెచ్చారు.

జాకెట్లు కుట్టే ఆవిడని మళ్లీ గ్రూపులో చేర్చమని ఆయన అడిగితే, గురువుగారు ఆలోచిద్దాం అన్నారు. ఆ మాట ఆవిడతో చెప్తే, "వద్దు సార్, నాకు మస్తు పనున్నది" అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

వానలు మొదలయ్యాక మా తొట్లలో గోంగూర గుబురుగా లేచింది. నేను జాకెట్టు తెచ్చుకోడానికి వెళ్తుంటే ఆయన ఒక కట్ట కోసుకుని తనూ వెంట వచ్చారు. కొట్లో ముసలావిడే ఉంది. కట్ట ఆవిడ ఒళ్లో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"పుంటికూరనా? ఆగు బిడ్డా. ముందుగల్ల నువ్వు తిను."

ఆయన నా వైపు చూశారు. నేను గోడకున్న కేలండరు చూస్తున్నాను. ఒక ఆకు తుంపి నోట్లో వేసుకున్నారు. పుల్లదనానికి ఒక కన్ను మూతపడింది. ముసలావిడ ఆయన నములుతున్నంతసేపూ దవడ వైపే చూసి, మింగాక ఇంకాస్త ఆగి, అప్పుడు కట్ట అందుకుంది.