గుర్రం నడుం వాల్చిన పొద్దు

“బండి లాగని గుర్రానికి మేత దండగ కాదేటి?” అని అన్నయ్య మళ్లీ మొదలెట్టాడు. నేను ఒప్పుకోను. ఇవాళ పక్కింట్లో ఉలవలు ఉడికిన వాసనతో రేగిన పాత తగువిది.

మా చిన్నప్పుడు గోపాల్‌పూర్‌కి మోటారు బస్సు పడ్డాక జట్కావాడు వదిలేసిన ముసలి గుర్రాన్ని నాన్న బరంపురంలో మా పెరట్లోకి తోలుకొచ్చాడు. అమ్మ దానికి ఉలవలు ఉడకబెట్టేది, బండి పట్టీలు ఒరిసిన పుళ్లకు వేపనూనె రాసేది. అది మాత్రం నిలబడే కునికేది.

ఓ పొద్దున నేలమీద పడి ఉంది. చచ్చిపోయిందని బావురుమన్నాను.

“ఏటిరా ఆ ఏడుపు? సూడు, గురక పెడతంది. ఇన్నాళ్లకి మనల్ని నమ్మి నడుం వాల్సింది,” అంటూ అమ్మ కూడా గడప మీద కూలబడింది.

అది మళ్లీ బండి లాగలేదు, నిజమే. అంత అలిసిన ప్రాణి భయం లేకుండా పడుకుంటే, అది దండగెలా అవుతుందో చెప్పండి?