ఇరుసు మీది వెలుతురు

ఆ వెలుతురు నేనూ చూశాను. చూడలేదని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. అందుకే ఇది రాస్తున్నాను.

దయ్యాలనూ గాలినీ నేనెప్పుడూ నమ్మలేదు. చింతామణిలో వాహనాల కరెంటు పని చేస్తాను. దీపం వెలగాలంటే బల్బు, తీగ, బ్యాటరీ ఉండాలి. నాకు తెలిసింది అంతే.

బాగేపల్లి దగ్గర ఒక రెడ్డిగారున్నారు. మిలిటరీలో డ్రైవరుగా చేసి వచ్చి సేద్యం చూసుకుంటున్నారు. అప్పట్లో తాను నడిపినటువంటి పాత లారీని వేలంలో కొని బాగు చేయించారు. లైట్ల పని నాకిచ్చారు.

ఆ లారీలకు వెనక ఇరుసు మధ్యనున్న ఇనుప గుండుకు తెల్ల రంగు వేస్తారు. దాని పైన చిన్న దీపం. చీకట్లో వరసగా పోయేటప్పుడు మిగతా లైట్లన్నీ ఆర్పేస్తారు. వెనక డ్రైవరు ఆ తెల్ల చుక్కను చూసుకుంటూ నడుపుతాడు.

"తక్కినవన్నీ నీ ఇష్టమప్పా, ఎల్ఈడీలే ఏసుకో. అడుగు దీపం మాత్రం ఉండాల. దాన్ని చూసుకునే బతికినోళ్లం మేము" అన్నారు రెడ్డిగారు.

విప్పి చూస్తే దాని డబ్బా తుప్పు పట్టి ఉంది. లారీ కిందికి వంగి ఎవరు చూస్తారులే అనుకున్నాను. తీగ కత్తిరించి, కొసకు టేపు చుట్టి, దీపాన్ని సొరుగులో పడేశాను. గుండుకు మాత్రం తెల్ల రంగు వేశాను. అన్నీ వెలుగుతున్నాయని చెబితే ఆయన నమ్మారు.

బండి తీసుకెళ్లే రోజు రెడ్డిగారే నడిపారు. వెనక మా వ్యాన్‌లో నేనూ, నా దగ్గర పనిచేసే నాగరాజూ. వ్యాన్ నడిపేది అతనే. ఆ లారీకి డ్రైవరుగా పెట్టుకుంటానని రెడ్డిగారు అతనికి మాటిచ్చారు. తండ్రిని తాగుడుకు పోగొట్టుకున్నవాడు నాగరాజు, అతనికి సారా వాసన కూడా పడదు.

చేలూరు దాటాక, పొద్దు గుంకే వేళ వాన పట్టుకుంది. కాసేపటికి నేను వేసిన కొత్త వెనక లైట్లు రెండూ ఆరిపోయాయి. ఆ వానలో మా హెడ్‌లైట్లకు ముందు లారీ ఉందో లేదో తెలియలేదు. అప్పుడు కింద, గుండు పైసగం మీద, తెల్లగా వెలుతురు.

"భలే ఏసినావన్నా దీపం" అన్నాడు నాగరాజు. ఆ దీపం నా సొరుగులో ఉంది.

గొర్రెలు అడ్డం వచ్చి రెడ్డిగారు బ్రేకు కొట్టారు. ఎర్ర లైటు పడలేదు. ఆ తెల్ల చుక్క పెద్దదవడం చూసి నాగరాజు బ్రేకు తొక్కాడు. వ్యాన్ లారీకి జానెడు దూరంలో ఆగింది.

రెడ్డిగారి ఇంటి ముందు దిగగానే నాగరాజు, "అడుగు దీపం లేకుంటే ఈ పొద్దు మా కత అయిపోయుండునప్పా" అన్నాడు. రెడ్డిగారు మురిసిపోయి టార్చి వేసి వంగారు.

"దీపం యాడుండాదప్పా?" అని నన్నడిగారు.

"తుప్పు పట్టిందని తీసేసినానప్పా. ఫోన్లో చెప్పినా గదా" అన్నాను. చెప్పలేదు. "వెలుతురంటావా, నాకైతే ఏం కనపడలే."

"ఏం నాగరాజా, చేలూరులో దిగి ఒక గుటక ఏసొస్తివా?" అన్నారు రెడ్డిగారు. లారీని చూడటానికి చేరినవాళ్లు నవ్వారు. నాగరాజు నావైపు ఒకసారి చూశాడు. నేను వైర్లు చుట్టుకుంటూ నిలబడ్డాను.

లారీకి వేరే డ్రైవరు వచ్చాడు. నాగరాజు నా దగ్గరా మానేసి టమోటా బండి తోలుకుంటున్నాడు. మార్కెట్‌లో అతన్ని 'దీపం నాగరాజు' అంటారు.

తర్వాత లైట్ల కోసం లారీ మళ్లీ నా దగ్గరికి వచ్చినప్పుడు పరీక్షలు చేశాను. వెనక లైట్లు పోయింది నేను వేసిన అతుకులో నీళ్లు చేరి. అది తేలిపోయింది. తీగ కొసకు టేపు అలాగే ఉంది. సొరుగులోని బల్బుకు లోపలి తీగ తెగి ఉంది. మా హెడ్‌లైట్లే తెల్ల రంగు మీద మెరిశాయేమోనని అదే వేళకు వ్యాన్ పెట్టి చూశాను. గుండు అంతా ఒకేలా మసకగా కనబడింది. ఆ రోజు పైసగమే వెలిగింది, కిందిసగం నీడ. పైనుంచి దీపం పడితేనే అలా ఉంటుంది. అదెలాగో ఇప్పటికీ చెప్పలేను.

పోయిన వారం మార్కెట్‌కు వెళ్లాను. నాగరాజు బండికి తాడు బిగిస్తున్నాడు. అతని ముందే, హమాలీలు వింటుండగా రెడ్డిగారికి ఫోన్ చేశాను.

"అప్పా, ఆ పొద్దు వెలుతురు నేనూ చూసినా. దీపం తీసేసినట్టు నీకు చెప్పనే లేదు. నాగరాజు తాగలే. అబద్ధం నాది."

రెడ్డిగారు ఫోన్ పెట్టేశారు. నాగరాజు తాడు వదల్లేదు.

"ఇంగెవురికన్నా చెప్పేదుండాదా అన్నా?" అన్నాడు.

"నీకే" అన్నాను. "తప్పైపోయిందప్పా నాగరాజా. మన్నించు."